ఐదు మిల్లీమీటర్ల పరశురాములు

పరశురాములు ఎదుటి మనిషి ముఖం కంటే ముందు చొక్కా అంచు చూస్తాడు. వీలు దొరికితే దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒకసారి నలిపి, ఏమీ అనకుండా వదిలేస్తాడు. తిట్టు మొత్తం ఆ వదిలేయడంలోనే ఉంటుంది. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచె అంటారు. సాంచెల మధ్య పుట్టినవాళ్ళకు గొంతు చించుకోవడం అలవాటు, ఆ చప్పుడులో మెల్లగా అంటే ఎవరికీ వినబడదు. పరశురాములుకు ఆ శ్రమ అక్కర్లేదు. ఒక పెళ్ళిలో కొత్త పెళ్ళికొడుకు షేర్వానీని రెండు వేళ్ళతో నలిపి వదిలేస్తే, ఆ పిల్లవాడు అప్పగింతల దాకా చేతులు కట్టుకునే నిలబడ్డాడు.

ఇటువంటి మనుషులు ప్రతి కులంలోనూ ప్రతి కాలంలోనూ ఉన్నారు. పంచాంగం తెలిసినవాడు తెలియనివాణ్ణి, అత్తరు ఎరిగినవాడు ఎరగనివాణ్ణి ఇట్లాగే చూశాడు. కొందరికి తెలివి తాము బతకడానికి పనికొస్తుంది, కొందరికి పక్కవాడు బతకడం చేతగానివాడని తేల్చడానికి పనికొస్తుంది. పరశురాములుది రెండోరకం. దాన్ని ఆయన ఎక్కడెక్కడో పోగుచేసుకున్నాడు.

మొదటి ముక్క ఇచ్చోడలో దొరికింది. మీసం మొలవని వయసులో బాపు ఆయన్ను అంగీల మూటతో ఆదిలాబాద్ వైపు అంగళ్ళకు తోలాడు. ఇచ్చోడ సంతలో ఒక ముసలి పత్తి రైతు తన కొలతకు సరిగ్గా సరిపోయిన నూలు అంగీ కొనుక్కుపోయి, పై వారం అదే అంగీ తొడుక్కుని వచ్చాడు. అది బొడ్డు పైన ఆగిపోయింది. చేతులు మోచేతుల దగ్గరే నిలిచిపోయాయి.

"కాయ్ రే పోరా," అన్నాడు ముసలాయన, సంతంతా వినేటట్టు. "గిది నాకు అమ్మినవా, నా మన్మనికా?"

మిరపకాయల బస్తాల వెనక నుంచి ఆడవాళ్ళు నవ్విన నవ్వు పరశురాములు చెవుల్లో ఇప్పటికీ ఉంది. ఆ రోజు ఆయన ఒక సూత్రం పట్టుకున్నాడు. కొత్త బట్ట నీళ్ళు చూడగానే ముడుచుకుంటుంది, కాబట్టి ఏది తీసుకున్నా ఒక సైజు పెద్దది తీసుకోవాలి. ఒక్క అవమానంలో పుట్టిన సూత్రం వేదం కంటే గట్టిది. ఆ తర్వాత ఆయన ఇంట్లో ఎవరికీ ఒంటికి సరిపోయిన బట్ట లేదు. పెళ్ళిలో భార్య తిరుమల జాకెట్టు తలంబ్రాలు పోసేటప్పుడు రెండుసార్లు భుజం జారింది. పిల్లల స్కూలు బట్టల్లో గాలి ఎప్పుడూ పిల్లల కంటే ఎక్కువే ఉండేది.

రెండో ముక్క బహ్రెయిన్‌లో దొరికింది. ఓడలు బాగుచేసే యార్డులో ఆయన చేసిన పని, నీళ్ళలోకి దిగేవాళ్ళ గాలిగొట్టం పట్టుకుని గట్టు మీద నిలబడడం. దిగినవాడు తాడు గుంజితే సైగ అర్థం చేసుకోవడం. ఓడ అడుగున పేరుకున్న నత్తగుల్లలు గీకేవాళ్ళంటే మొదట్లో ఆయనకు నత్తల మీద ఉన్నపాటి గౌరవం కూడా లేదు. తర్వాత ఒక ఫిలిప్పీన్స్ మేస్త్రీ శుక్రవారాల్లో ఆయనకూ దిగడం నేర్పాడు. అప్పటినుంచి గట్టు మీద నిలబడేవాళ్ళంటే గౌరవం పోయింది.

అక్కడే వెట్‌సూట్ చూశాడు. రబ్బరు స్పాంజి లాంటి బట్ట, మెడ నుంచి చీలమండల దాకా ఒకటే తొడుగు. దానికీ ఒంటికీ మధ్య పలచగా నీళ్ళు చేరతాయి. ఒళ్ళు ఆ నీళ్ళను వెచ్చబెట్టుకుంటుంది, స్పాంజిలోని గాలి బుడగలు ఆ వెచ్చదనాన్ని బయటికి పోనివ్వవు. మేస్త్రీ ఇదంతా చెప్పాడు. నేతగాడి వేళ్ళు మాత్రం ఒక్కటే విన్నాయి, మందం.

ఊరికి తిరిగివచ్చాక సాంచెలు పెట్టుకున్నాడు. పాలిస్టర్ చీరలు నేస్తూ, నేసినంతసేపూ పాలిస్టర్‌ను తిట్టేవాడు. హైదరాబాద్ నుంచి వెట్‌సూట్, గాలి సిలిండర్లు తెప్పించుకుని మొదటిసారి మానేరులో దిగినప్పుడు, బహ్రెయిన్‌లో కట్టుకున్నంత బరువే నడుముకు కట్టుకున్నాడు. సాంచెలకు వేలాడదీసే ఇనుప బరువులే అవి. సముద్రం ఉప్పునీళ్ళు మనిషిని ఎత్తి పట్టుకుంటాయి, మంచినీళ్ళకు అంత మర్యాద తెలియదు. రుబ్బురోలు లాగా పోయి అడుగు బురదలో కూర్చున్నాడు. పైకి వచ్చి సగం బరువులు తీసేసి, "ఉప్పునీళ్ళకు ఒక లెక్క, తియ్యనీళ్ళకు ఒక లెక్క. గిది తెల్వనోడు దిగద్దు," అని గట్టు మీదివాళ్ళను కసిరాడు. అప్పటిదాకా అక్కడ దిగుతానన్నవాడు ఎవడూ లేడు.

తర్వాత చాయ్ హోటలు ఆయన బడి అయింది. తలలో దూది, చేతికి నూనె మరక ఉన్న సాంచెల కార్మికులు, ఈత కూడా రానివాళ్ళు, మందాల గురించి రోజూ వినాల్సి వచ్చింది.

"మూడు మిల్లీమీటర్లది గల్ఫుకు. ఏడుది మంచు కురిసే దేశాలకు. గీ మన క్వారీ గుంతలకు ఐదే. ఎందుకు?"

ఎవరూ అడగలేదు.

"ఎండకాలం పైన నీళ్ళు చాయ్ లెక్క ఉంటయ్. రెండు నిలువులు దాటితె మాఘమాసం. గాలి తగల్ది, ఎండ చేరది, చలికాలపు నీళ్ళు అట్లనే కింద కూసుంటయ్. లోతుకు పోయినకొద్ది స్పాంజి ఒత్తుకపోయి పల్చబడ్తది. మూడుది అక్కడ కాయితమైతది. ఏడుది ఏసుకుంటె మునిగెటందుకే ఇంకింత ఇనుము కట్టుకోవాలె. తెలిసిందా?"

చికాకు ఏమిటంటే ఇందులో ఒక్క ముక్కా అబద్ధం కాదు. ఆయన చేతిలో నిజం కూడా చిన్నచూపు చూసేది. ఊరు ఆయన్ను ఐదు మిల్లీమీటర్ల పరశురాములు అంది. ఆయన దాన్ని బిరుదనుకున్నాడు.

మానేరులో బురద చేసిన సూటును నీళ్ళ గోలెంలో కల్లుప్పు వేసి ముంచింది తిరుమల. కొత్త చీర రంగు నిలవాలని చేసే పనే అది, ఆయన చెయ్యమంటే చేసింది. ఆరిన తర్వాత జానతో కొలిచింది.

"ఇంచు గూడ తగ్గలే. ఇంత పెద్దది ఎందుకు తెచ్చినవయ్యా?"

"మెల్లగ తగ్గుతది. బట్ట గుణం అది."

"మనం నేసే పాలిస్టరే ముడ్సుకోదు. గిది రబ్బరు, గిదెట్ల ముడ్సుకుంటది?"

"పాలిస్టరా? గది బట్టనే గాదు," అని పరశురాములు సూటును మడత పెట్టేశాడు. భార్య మాటను కూడా రెండు వేళ్ళతో నలిపి వదిలేయగలడాయన.

మార్చి నెలలో కరీంనగర్ అవతల బండపల్లె నుంచి అక్క లస్మవ్వ ఫోన్ చేసింది. ఆమె భర్త మస్కట్‌లో ఉంటాడు. పొలం ఆమె ఒక్కతే చేస్తుంది, నోటితో సగం, చేతులతో సగం.

"తమ్మీ, నీ రబ్బరు అంగీ ఉన్నదా, ఎలుకలు కొట్టినయా?"

"అంగీ కాదక్కా, సూటు."

"ఏదన్న గానియ్యి. క్వారీల మోటరు మునిగింది. వరి పాలు పోసుకుంటుంది. ఇయ్యాల రేపట్ల నీళ్ళు అందకుంటె మొత్తం తాలే. వస్తవా, రావా?"

గ్రానైటు కోసేవాళ్ళు గుట్టను కోసుకుపోయి గుంతను వదిలిపెట్టారు. వాన నీళ్ళు నిండి అదే ఊరికి చెరువైంది. డ్రమ్ములు కట్టిన తెప్పకు లస్మవ్వ మోటరు వేలాడేది, నీళ్ళలోనే నడిచే రకం. గాలివానకు తెప్ప తిరగబడి, మోటరు ఇనుప చట్రంతో సహా లోపలి మెట్టు మీదికి జారి, ఒక బండ కింద ఇరుక్కుంది. ట్రాక్టరుతో లాగితే వైరు తెగింది గానీ మోటరు కదల్లేదు. ఎవరో ఒకరు దిగి, సరైన చోట కొండి తగిలించాలి. కొత్త మోటరు కొనడమంటే మస్కట్‌లో ఉన్న బావ ఇంకో ఏడాది అక్కడే ఉండిపోవడం.

పరశురాములు సూటు, రెండు సిలిండర్లు తీసుకుని బస్సు దిగేసరికి గుంత చుట్టూ సగం ఊరు ఉంది. చేపలు పట్టే లచ్చయ్య గట్టు మీద కూర్చుని ఉన్నాడు. ముందు రోజు ఒంటికి ఆముదం రాసుకుని, కడుపులోకి కల్లు పోసుకుని దూకింది అతనే. మోటరును తాకి వచ్చానని చెప్పుకున్నాడు, ఏది తాకాడో దేవుడికి తెలియాలి. పళ్ళు టకటకలాడుతూ బయటికి వచ్చి, మోటరును కింద మైసమ్మ పట్టుకుందని తేల్చేశాడు. తనకు చేతకాని పని దేవత చేయనివ్వలేదనడం ఈ దేశంలో పాత విద్య. దానికి చదువు అక్కర్లేదు.

"ఏంది బావా, ఎండల దుప్పటి కప్పుకున్నవ్?" అన్నాడు లచ్చయ్య, పరశురాములు సూటులోకి కాళ్ళు దూర్చుతుంటే. బండపల్లెకు లస్మవ్వ వదినె గనుక ఆమె తమ్ముడు ఊరందరికీ బావే.

"చలికి ఆముదమంటె భయమా, కల్లంటె భయమా?" అన్నాడు పరశురాములు. "మందం అంటె భయం. ఐదు."

"ఐదు శేర్లా?"

గట్టు నవ్వింది. పరశురాములు ఇనుప బరువులు కట్టుకుని, సిలిండరు ఎత్తుకుని, తాడు కొస లచ్చయ్య చేతిలో పెట్టాడు. "ఒక్కపారి గుంజితె బాగున్న. ఆగకుంట గుంజితె పైకి లాగు. నవ్వుకుంట మర్శిపోకు." కొండి ఉన్న ఇనుప తాడు పట్టుకుని దిగాడు.

పైన నీళ్ళు చెప్పినట్టే చాయ్ లాగా ఉన్నాయి. కోసిన రాతిగోడ నిటారుగా, సబ్బుబిళ్ళ అంచులాగా కిందికి పోతోంది. రెండు నిలువులు దిగాడో లేదో చలి ఎదురొచ్చింది. చెప్పిందే జరిగినందుకు ఆయనకు సంతోషమైంది. ఆ సంతోషం మెడ దగ్గర ఆగిపోయింది.

మెడ దగ్గరి సందులోంచి నీళ్ళు దూరాయి. వీపు మీదుగా, నడుము చుట్టి, తొడలు దాటి, చీలమండల దగ్గర బయటికి పోయాయి. ఆ వెనకే ఇంకో దఫా. చెయ్యి చాపితే చంకలోంచి ఒకటి, మోకాలు మడిస్తే పిక్కల్లోంచి ఒకటి. ఒళ్ళు కాస్త వెచ్చబెట్టుకున్న నీళ్ళను ప్రతి కదలికా తోడిపోసి కొత్త చలిని లోపలికి పిలిచింది. ఐదు మిల్లీమీటర్ల సూటు ఐదు పిల్లకాలువలుగా పారుతోంది. మోటరు కనిపించింది, చట్రం కనిపించింది, బండ కింద కొండి తగలాల్సిన చోటు కూడా కనిపించింది. వేళ్ళకే కనిపించినట్టు లేదు. కొండి నాలుకను బొటనవేలితో నొక్కి తెరవాలి. బట్టలో ఒక్క పోగు తేడా పసిగట్టే ఆ వేలు ఇనుముకూ రాయికీ తేడా చెప్పలేకపోయింది. ఊపిరి గబగబా పోతోంది, సిలిండరులో గాలి అంతకంటే గబగబా పోతోంది.

ఆ చలిలో కూడా పరశురాములుకు తోచిన మాట ఒక్కటే. ఏడు తేవాల్సిందేమో.

ఆగకుండా తాడు గుంజాడు.

బయటికి లాగాక ఆయన దవడ పట్టు తప్పి ఆడుతోంది, పెదవులు నేరేడు పండ్లు. రాతి మీద కూలబడి మోకాళ్ళు కావలించుకున్నాడు. లస్మవ్వ వచ్చి ఆయన భుజం పట్టుకోబోయింది. చేతికి భుజం దొరకలేదు, బట్ట దొరికింది. ఇంకొంచెం గుంజింది, ఇంకొంచెం వచ్చింది. పిడికెడు బట్ట పట్టి పిండితే కాలి దగ్గర నీళ్ళు కారాయి.

"ఎవని సూటురా గిది?"

"నాదే."

"నీ అసుంటోల్లు ఇద్దరు పడ్తరు గదరా ఇండ్ల!"

"కొత్త బట్టక్కా," అన్నాడు పరశురాములు, పళ్ళ మధ్య నుంచి. "నీళ్ళల్ల తడిస్తె ముడ్సుకుంటది. ఒక సైజు పెద్దది తెచ్చిన."

 లచ్చయ్య అడిగాడు, నిజంగా తెలుసుకుందామన్నట్టు.

"బావా, రబ్బరు చెప్పులు వానల తడిస్తె సైజు తగ్గుతయా?"

అప్పుడు లేచిన నవ్వు ఇచ్చోడ నవ్వే. మిరపకాయల బస్తాలు లేవు, అంతే తేడా. ఈసారి పెద్దదైనందుకు నవ్వారు. పరశురాములు లచ్చయ్య భుజం మీది తువ్వాలు వైపు చూశాడు, నలిపి వదిలేద్దామని. వేళ్ళు ఒకదానికొకటి అందలేదు.

లస్మవ్వ నవ్వలేదు. ఆమె పొలం వైపు చూసింది. మడుల్లో నెర్రెలు ఇక్కడికే కనిపిస్తున్నాయి. స్టార్టరు డబ్బా దగ్గరికి పోయి, దాని మీద వానకు అడ్డంగా కప్పిన చీరను లాగి తెచ్చింది. కొంగును పళ్ళతో కొరికి, నిలువునా చర్రున చింపింది.

పరశురాములు ఆ అంచును గుర్తుపట్టాడు. "గది నేను పెట్టిన చీర! నా సాంచె మీద నేసింది!"

"అవ్. కట్టుకుంటె చెమట ఇడ్వది, గాలి రానియ్యది. డబ్బాకు మంచిగ పనికొచ్చింది. ఇప్పుడు నీకు పనికొస్తది. లే."

"ఏం చేస్తవ్?"

"మూట కడ్త. చేతులు చాపు."

మణికట్ల దగ్గర, మోచేతుల పైన, నడుముకు, తొడలకు, మోకాళ్ళ కింద, చీలమండలకు, వదులుగా ఉన్న ప్రతిచోటా బట్టను మడతేసి పీలికతో బిగించి కట్టింది. చివరికి మెడ దగ్గర. "ఊపిరి ఆడ్తుందా?"

"ఆడ్తుంది."

"అయితె ఇంకింత బిగియాలె," అంది గానీ బిగించలేదు. ఐదు మిల్లీమీటర్ల పరశురాములు గులాబీ పువ్వుల పాలిస్టర్ ముడులతో, సంతకు బయలుదేరిన బట్టల మూటలాగా నిలబడ్డాడు. ఒక ముసలమ్మ దగ్గరికి వచ్చి, "పాపం, పాడె మీద గూడ ఇన్ని కట్లు ఉండయ్," అని జాలి పడి పోయింది.

రెండో సిలిండరు ఎత్తుకున్నాడు. ఇది అయిపోతే హైదరాబాద్ పోవాలి, అంతదాకా వరి ఆగదు.

ఈసారి చలి మెడ దగ్గరికి వచ్చి ఆగింది. కొన్ని నీళ్ళు దూరాయి, దూరినవి అక్కడే ఉండిపోయాయి. కాసేపటికి వీపు మీద వెచ్చదనం తెలిసింది, కంబళి కింద తెలిసినట్టు. బహ్రెయిన్ మేస్త్రీ చెప్పింది ఇదే. ఇన్నేళ్ళు చాయ్ హోటల్లో పాఠం చెప్పిన మనిషి ఆ వెచ్చదనాన్ని మంచినీళ్ళలో మొదటిసారి అనుభవిస్తున్నాడు. బొటనవేలికి కొండి నాలుక దొరికింది. నొక్కాడు, తెరుచుకుంది, చట్రానికి తగిలించి చప్పుడయ్యేదాకా మూశాడు. బండకు ఎదురుగా కాకుండా పక్కకు లాగమని ముందే చెప్పి వచ్చాడు. తాడు ఒక్కసారి గుంజాడు, బాగున్నానని. పైకి తేలి ట్రాక్టరు వైపు చెయ్యి ఊపాడు.

ట్రాక్టరు అటూ ఇటూ మూలిగింది. మోటరు బురద, నాచు, తన దర్జా అంతా వేసుకుని పైకి వచ్చింది. కడిగి, వైరు అతికించి, డ్రమ్ములకు కట్టి మళ్ళీ దించి బటన్ నొక్కితే పైపు రెండుసార్లు దగ్గి, కక్కి, పోసింది. లస్మవ్వ పార భుజాన వేసుకుని నీళ్ళ కంటే ముందు పొలానికి ఉరికింది. జనం నీళ్ళ వెంట పోయారు.

గుంత దగ్గర పరశురాములు మిగిలాడు. తడిసి బిగుసుకున్న పాలిస్టర్ ముడులు గోళ్ళకు లొంగలేదు. జిప్పు వీపున ఉంది, దాని మీద నడుము కట్టు ఉంది. నడినెత్తిన ఎండ. చలిని బయట ఆపిన సూటు ఇప్పుడు ఎండను లోపలికి పిలిచి కూర్చోబెట్టింది. చెమట కారడానికి కూడా దారి లేదు. కాసేపు రాతి మీద అటూ ఇటూ తిరిగి, వేరే గతి లేక మెట్టు దిగి, వెచ్చటి పై నీళ్ళలో మెడ దాకా కూర్చున్నాడు.

లచ్చయ్య ఒక్కడే బీడీ ముట్టించుకుని గట్టున ఉన్నాడు.

"మందం కరెక్టే," అన్నాడు పరశురాములు నీళ్ళలోంచి. "ఐదే. మూడైతె ఆ కింద ఆగది."

"అవ్ బావా. ముడులు గూడ ఐదేనా, ఎక్కువనా?"

లస్మవ్వ కాళ్ళకు బురదతో, చేతిలో కొడవలితో తిరిగి వచ్చింది. పరశురాములు ఒడ్డుకు వచ్చి చేతులు చాపాడు.

"కొయ్యి, అక్కా. ఉడికిపోతున్న. సూటుకు తగలనియ్యకు."

"ముందు అను. సూటు పెద్దదైంది అని."

పరశురాములు పెదవి విరిచి గుంత వైపు చూశాడు, రాతిగోడ వైపు చూశాడు. లచ్చయ్య వైపు చూడలేదు. ఎండ మెడ మీద దరువేస్తోంది.

"జర... వదులైంది," అన్నాడు, ఆ తప్పేదో బట్టే చేసినట్టు.

లస్మవ్వ కొడవలి మొనతో మెడ దగ్గరి ముడి ఒక్కటి తెంపింది.

"సగం మాటకు గీ ఒక్కటే. మిగిలినయి ఆఖరి మడి తడిసినంక. అప్పటిదాంక కూసొని మాట పూర్తి చేసుకో."

ఆమె కొడవలితోనే గట్టు దిగిపోయింది. పరశురాములు మళ్ళీ నీళ్ళలోకి దిగి, మడి తర్వాత మడి ఎక్కుతున్న నీళ్ళ వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ నీళ్ళు పారే తీరు కూడా ఆయనకు నచ్చలేదు.